కుళాయి తల, కెమెరా పిడి, ఒక కాంతి ఖడ్గం

వాష్‌బేసిన్ కుళాయి తల, రోల్స్ రాయిస్ జెట్ ఇంజన్‌లోని గొట్టం ముక్క, మొదటి ప్రపంచ యుద్ధం నాటి రైఫిల్ గ్రెనేడ్. వీటికి ఇంకో ఒకటి రెండు విడిభాగాలు చేర్చి వరసగా బిగిస్తే ‘స్టార్ వార్స్’లో ఓబీ వాన్ కెనోబీ పట్టుకున్న లైట్‌సేబర్ తయారవుతుంది. పాత సామాన్ల కొట్టు సరుకంతా ఒకచోట చేరి నక్షత్రాల మధ్య యుద్ధానికి బయల్దేరిందన్నమాట.

అదే సినిమాలో కథానాయకుడు లూక్ స్కైవాకర్ పట్టిన కత్తి కథ ఇంకా రుచిగా ఉంటుంది. 1976లో లండన్ దగ్గరి ఎల్‌స్ట్రీ స్టూడియోలో సినిమా పని జోరుగా సాగుతోంది. చేతిలో డబ్బు తక్కువ. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లోని ఒక ఫొటో సామాన్ల షాపుకి వెళితే, ఎన్నాళ్లుగానో ఎవరూ అడగని ఒక పెట్టెలో గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ పిడులు కనిపించాయి. 1940ల్లో పత్రికా ఫొటోగ్రాఫర్లు పెద్ద కెమెరాల పక్కన తగిలించుకున్న, మూడు బ్యాటరీలు పట్టే మెరుపు గొట్టాలవి. పైనున్న రిఫ్లెక్టర్ తీసేసి, అడుగు భాగం చుట్టూ పట్టు కోసం నల్లటి పట్టీలు అంటించారు. నడుమ బిగింపులోకి కాలిక్యులేటర్ అంకెల మీద ఉండే బుడగల కటకాన్ని దూర్చారు. బెల్టుకి వేలాడదీయడానికి కింద ఒక రింగు పెట్టారు. అంతే. ఆ చిత్రానికి కళాదర్శకత్వ విభాగంలో వచ్చిన ఆస్కార్‌ను అందుకున్న బృందంలో క్రిస్టియన్ కూడా ఉన్నారు.

ఇప్పుడు అదే కత్తి కిట్టుగా దొరుకుతుంది. కొన్ని లోహపువి, మరికొన్ని త్రీడీ ప్రింటర్‌లో పోసినవి. లోహపు కిట్టయితే మరలు తిప్పడం, అంటించడంతో సగం పని అయిపోతుంది. ప్రింటు ముక్కలకే అసలు చాకిరీ. పొరల గీతలు కనబడకుండా లప్పం పెట్టాలి. ప్రైమర్ కొట్టాలి. 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 800 దాకా తడి చేస్తూ రుద్దాలి. ఆపైన నిగనిగలాడే నలుపు వేసి, అది బాగా ఆరాకే వెండి రంగు కొట్టాలి. అడుగున నలుపు లేకపోతే పైన క్రోము వన్నె రాదు, సత్తు గిన్నె వన్నె వస్తుంది.

చాలామంది తప్పటడుగు వేసేది పట్టీల దగ్గర. గొట్టం వ్యాసం ఒకటిన్నర అంగుళం, చుట్టుకొలత దాదాపు 12 సెంటీమీటర్లు. ఏడు పట్టీలు అంటించాలంటే ఒక్కోదానికి సుమారు 17 మిల్లీమీటర్ల జాగా వస్తుంది. కంటి అంచనాతో అంటిస్తే ఏడోది వచ్చేసరికి చోటు మిగలడమో, చాలకపోవడమో ఖాయం. అందుకే ముందు ఒక కాగితం ముక్కను గొట్టానికి చుట్టి, అంచులు కలిసే చోట కత్తిరించి, బల్ల మీద పరిచి స్కేలుతో గుర్తులు పెట్టుకుంటారు. మళ్లీ దాన్నే గొట్టానికి చుట్టి గుర్తుల్ని పెన్సిల్‌తో దించుతారు. లోహం మీది జిడ్డును స్పిరిట్‌తో తుడిచి, వెడల్పాటి వైపు జిగురు పల్చగా రాసి, మధ్య గట్టు పైకి ఉండేలా పట్టీని ఆనించి నొక్కాలి. సూపర్ గ్లూ కనుక మనసు మార్చుకోవడానికి కొన్ని క్షణాలే గడువు.

అయితే ఇంత కొలతతో చేసిన కత్తిని పాత చేతులు చూసి పెదవి విరుస్తాయి. ఎందుకంటే సినిమా కత్తి మరీ అంత నున్నగా లేదు. అది షూటింగు హడావిడిలో, చేతికందిన వస్తువులతో తయారైంది. నకలు చేసేవాడు కొలతలతో పాటు ఆ తొందరను కూడా పట్టుకోవాలి. నల్ల యాక్రిలిక్ రంగును నీళ్లలో పల్చగా కలిపి పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేస్తారు. సందుల్లో మిగిలిన నలుపు ఆ వస్తువుకు వయసు తెస్తుంది. ఆ తుడుపు కాస్త ఎక్కువైతే కొత్త వస్తువు, తక్కువైతే మురికి వస్తువు. పుస్తకం చదివి వచ్చే చెయ్యి కాదిది.

ఈ సరదాలో పరిశోధన కూడా ఉంది. ఏ కత్తిలో ఏ విడిభాగం వాడారో చాలావరకు గుర్తుపట్టింది అభిమానులే. పాత ఫొటోలు, సినిమా ఫ్రేములు ముందేసుకుని ఏళ్ల తరబడి పోల్చి చూశారు. కుళాయి తల ఏ కంపెనీదో కనిపెట్టాలంటే ఆ తరం స్నానాల గదులు కూడా తెలిసి ఉండాలి మరి!

ఈ మోజుకు బలైంది అసలు గ్రాఫ్లెక్స్ పిడులే. కత్తి కోసం కొని, విప్పి, కోసి, జిగురు పూసినవి ఎన్నో. పాత కెమెరాలు దాచుకునేవాళ్లకు ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు. అచ్చు అలాంటిదే కొత్తగా తయారైన కిట్టు దొరుకుతున్నప్పుడు అసలుదాని మీద రంపం పెట్టాల్సిన అవసరం లేదు. ఏ పాత స్టూడియో అటకమీదైనా అలాంటి ఫ్లాష్ పిడి కనిపిస్తే దాన్ని అలాగే ఉండనివ్వండి. కత్తి కావాలంటే కిట్టు కొనుక్కోండి.