కరగడానికే పోసిన తగరం

బాయిలర్‌లో మంట గది పైకప్పుకు మరతో బిగించే చిన్న గన్‌మెటల్ బిరడా ఒకటుంది. నడుమ బెజ్జం, ఆ బెజ్జం నిండా తగరం. కింది కొస మంటలో, పై కొస నీళ్లలో. దాని పేరు ఫ్యూజిబుల్ ప్లగ్. కదిలే భాగాలు లేవు, కరెంటు అక్కర్లేదు. ఇంత పొదుపైన పనితనం నాకు తెలిసిన యంత్రాల్లో అరుదు.

చదరపు సెంటీమీటరుకు 10 కిలోల పీడనంలో నీళ్లు దాదాపు 184 డిగ్రీల దగ్గర మరుగుతాయి. తగరం కరిగేది 232 దగ్గర. పైన నీళ్లున్నంతసేపూ అవి వేడిని లాగేస్తుంటాయి కాబట్టి, కింద ఎంత మంట మండినా తగరం చెక్కుచెదరదు. ప్లగ్ తలను పైకప్పు రేకు కన్నా కాస్త ఎత్తుగా నిలపడంలోనే ఉంది అసలు నేర్పు. నీటిమట్టం పడిపోతే ముందు ఎండేది అదే. తగరం కరిగి జారుతుంది, ఆ దారిన ఆవిరి హోరుమంటూ మంట మీదికి దూకుతుంది. రేకు ఎర్రబడి మెత్తబడక ముందే బాయిలర్ అటెండెంటుకు కబురు అందుతుంది.

1803లో గ్రీనిచ్‌లో ఆవిరి యంత్రాల రూపకర్త రిచర్డ్ ట్రెవితిక్ బాయిలర్ పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాతే ఆయన తన బాయిలర్లకు సీసపు బిరడా పెట్టాడు. సీసం నుంచి తగరానికి వచ్చాక కూడా ఓ చిక్కు మిగిలింది. తగరంలో జింక్ లాంటి కల్తీ ఉంటే లోలోపల ఆక్సైడ్ పేరుకుంటుంది. అది 1600 డిగ్రీలు దాటినా కరగదు. అందుకే తగరం స్వచ్ఛంగా ఉండాలి, గడువు తీరిన ప్లగ్‌ను మార్చాలి. పైన గార గట్టిగా పట్టినా ఆవిరికి దారి మూసుకుపోవచ్చు. ఇన్నాళ్లూ కరగలేదు కదా అని దాన్ని అలాగే వదిలేయడం క్షమించరాని నిర్లక్ష్యం.

మన ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్‌కు ఊకే ఇంధనం. గ్యాసు మంటలా దాన్ని స్విచ్ కట్టేసి ఆర్పలేం. ఫ్యాను ఆగినా నిప్పు వేడి చిమ్ముతూనే ఉంటుంది. కాబట్టి అక్కడ ముందస్తు కాపలా అటెండెంటు చేతిలోనే ఉంది. షిఫ్టు ఎక్కగానే అతను నీటిమట్టం చూపే గేజ్ గ్లాస్ దగ్గరికి వెళ్తాడు. ఆవిరి కాక్ మూసి డ్రెయిన్ తెరుస్తాడు, నీళ్లు బుస్సున రావాలి. నీటి కాక్ మూసి ఆవిరిది తెరుస్తాడు, ఆవిరి రావాలి. డ్రెయిన్ కట్టేసి రెండూ తెరిచాక గాజులో నీళ్లు చటుక్కున లేవాలి. మెల్లగా పాకితే దారిలో గార ఉన్నట్టే. అప్పుడు గాజు చూపించే మట్టాన్ని నమ్మడానికి లేదు.

గాజులో నీళ్లు అసలే కనబడకపోతే, చెయ్యి పంపు స్విచ్ మీదికి పోకుండా ఆపుకోవడమే అతని పనితనానికి పరీక్ష. ఎర్రబడిన రేకు మీద నీళ్లు పడితే ఆవిరి ఒక్కసారిగా పుడుతుంది, రేకు చీలిపోవచ్చు. అందుకని ముందు మంట చల్లార్చాలి. బాయిలర్ చల్లబడ్డాక లోపలికి దిగి, రేకు ఎక్కడైనా ఉబ్బిందేమో తడిమి చూశాకే కొత్త ప్లగ్ బిగించాలి.