పాఠ్యగ్రంథంలో పాత్‌ఫైండర్: ప్రాధాన్య వారసత్వ బోధనపై ఒక విమర్శ

ఆపరేటింగ్ సిస్టమ్స్ తరగతిలో ప్రాధాన్య విపర్యయం, అంటే ప్రయారిటీ ఇన్వర్షన్, ప్రస్తావనకు రాగానే 1997 నాటి మార్స్ పాత్‌ఫైండర్ ఉదంతం వినిపిస్తుంది. సిల్‌బర్‌షాట్జ్, గాల్విన్, గాన్యేల ప్రసిద్ధ పాఠ్యగ్రంథం దీనికి ప్రత్యేకంగా ఒక పెట్టె కేటాయించింది. తక్కువ ప్రాధాన్యం గల వాతావరణ టాస్క్ ఒక వనరును పట్టుకొని ఉండగా మధ్యస్థ ప్రాధాన్య టాస్కులు ప్రాసెసర్‌ను ఆక్రమించాయి. ఆ వనరు కోసం వేచి ఉన్న ఉన్నత ప్రాధాన్య టాస్క్ గడువు తప్పింది, కంప్యూటర్ రీసెట్ అయింది. ఇంతవరకు వివరణ సరైనదే. పరిష్కారాన్ని చెప్పిన తీరుతోనే పేచీ.

ఆ పెట్టెలో రీసెట్లు సోజర్నర్ రోవర్‌కు ఆపాదించబడ్డాయి. నిజానికి విఎక్స్‌వర్క్స్ నడిచింది ల్యాండర్‌లోని ఆర్ఏడి6000 ప్రాసెసర్ మీద. రోవర్‌లో ఉన్నది 80సి85. దీనిని చేతిపొరపాటుగా క్షమించవచ్చు. ఒక గ్లోబల్ చలరాశితో సెమాఫోర్లన్నింటికీ ప్రాధాన్య వారసత్వం వర్తింపజేశారన్న వాక్యాన్ని మాత్రం క్షమించలేము. విఎక్స్‌వర్క్స్‌లో వారసత్వం మ్యూటెక్స్‌ను సృష్టించేటప్పుడు ఎంచుకొనే ఐచ్ఛికం. బైనరీ, కౌంటింగ్ సెమాఫోర్లకు యజమాని అంటూ ఉండడు. ఇక ఎవరి ప్రాధాన్యాన్ని పెంచాలి? విద్యార్థి అడగవలసిన ఈ ప్రశ్నను ఆ వాక్యం ముందుగానే మూసివేస్తుంది.

ఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌కు నాయకత్వం వహించిన గ్లెన్ రీవ్స్ కథనం దీనికంటె చాలా బోధప్రదమైనది. టాస్కులు పైపు ద్వారా సమాచారం పంపుకొంటున్నాయి. చిక్కు తెచ్చిన మ్యూటెక్స్ సెలెక్ట్ యంత్రాంగం తనలోపల సృష్టించుకొన్నది. అనువర్తన రచయితలు ఆ తాళాన్ని స్వయంగా వేయలేదు, వారి కోడ్‌లో అది కనిపించదు. వారు మార్చినది ఆ లైబ్రరీ మ్యూటెక్సుల ఐచ్ఛికాన్ని. అయినా సెలెక్ట్‌ను వాడే ప్రతి చోటా దాని ప్రభావం పడుతుంది కనుక, పర్యవసానాలను తూచి చూసిన తరువాతే మార్పును అంగారకునికి పంపారు.

వారసత్వం సర్వరోగ నివారిణి కాదని షా, రాజ్‌కుమార్, లెహోజ్కీల 1990 వ్యాసమే చెప్పింది: ప్రాథమిక వారసత్వ పద్ధతి డెడ్‌లాక్‌ను ఆపదు, వరుస నిరోధాలనూ ఆపదు. ప్రయారిటీ సీలింగ్ పద్ధతిని వారు ప్రతిపాదించినది అందుకే. పాత్‌ఫైండర్‌ను ఉదాహరించే అధ్యాపకులు ఈ వ్యాసాన్ని పక్కన ఉంచుకొని బోధించడం అవసరం.

మరొక లోపం కూడా ఉంది. ఇటువంటి రీసెట్లు ప్రయోగానికి ముందు పరీక్షల్లోనూ కనిపించాయి, కాని వాటిని తిరిగి రప్పించలేకపోయారు. ల్యాండింగ్ తరువాత భూమిపై ఉన్న ప్రతిరూప వ్యవస్థలో టాస్కుల మార్పిడిని ట్రేస్ చేసి, ఎవరు ఎవరిని ఆపుతున్నారో చూడగలిగారు. పాఠ్యగ్రంథపు పెట్టెలో ఆ ట్రేస్ ఊసే లేదు.