సర్వరు డిస్కులకు 114 ఏండ్ల ఆయువా?

ఇతరుల వెబ్‌సైట్లను తన కంప్యూటర్లలో నిలిపి నడపు వ్యాపారమునకు 19 అంగుళముల చట్రములో అమరు సర్వరులే ఆధారము. వీటి డిస్కుల వివరపత్రములలో, వైఫల్యముల నడిమి సగటు కాలము 10 లక్షల గంటలని గాని, అంతకు మించి గాని వ్రాయుట పరిపాటి. సంవత్సరములుగా మార్చినచో 114 వచ్చును. ఒక్కొక్క డిస్కు అన్నాళ్లు పనిచేయునని భావించుట పొరపాటు. వేయి డిస్కులు ఏడాది నడచినచో సుమారు 9 చెడునని మాత్రమే దాని భావము. అదనముగా ఎన్ని డిస్కులు ఉంచుకొనవలయునో తెలియుటకు ఈ అంకె ఉపకరించును.

అయితే ఈ లెక్క తయారీదారు విధించిన ఉష్ణోగ్రత, తేమల హద్దులకు లోబడినది. మచిలీపట్నము చెంత గిలకలదిండి రేవులో వీచునది ఉప్పుగాలి. సాపేక్ష ఆర్ద్రత 75 శాతము మించినపుడు ఉప్పు రేణువులు తేమను పీల్చి కరగును. ఆ ద్రవము సర్క్యూటు పలకల మీది రాగిదారులను తినివేయును. కావున అచ్చట యంత్రముకంటె ముందు బాగుగా మూసిన గదియు, గాలిని వడగట్టు ఏర్పాటును కావలయును.

రెండు విద్యుత్ సరఫరా పెట్టెలున్న సర్వరు మేలైనదే. కాని రెంటిని ఒకే లైనుకు తగిలించినచో, ఆ లైను పోయినపుడు రెండును ఆగును. ఒకే పెట్టెలోని జంట డిస్కులును అట్టివే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వంటిది వచ్చినచో కలిసియే మునుగును. దూరపు ఊరిలో మరొక ప్రతి ఉండవలయును. కొనువారు గంటల అంకెతోపాటు, దానిని ఏ హద్దులలో లెక్కించిరో కూడ అడిగి తెలిసికొనుట అవసరము.