భూతానికి జీతమెంత?

అభ్యుదయ సాహిత్యానికి దయ్యాలతో పనేమిటి? ఈ ప్రశ్న మన విద్యార్థులు తరచు వేస్తారు. జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు, ఏ పనీ లేదని. వాస్తవ జీవితాన్ని చిత్రించవలసిన రచయిత భూతాలనూ రాక్షసులనూ మనుషుల మధ్యకు తెచ్చి తిప్పడం పలాయనవాదమనీ, మూఢవిశ్వాసాలకు ఊతమివ్వడమనీ వారి వాదం. దీనికి సరిగ్గా ఎదురుగా మరొక వాదం వుంది. కల్పన కల్పనే, పిల్లలు చదువుకునే కథలోనూ, పండుగనాడు చూసే సినిమాలోనూ వర్గాలను వెతకడం విమర్శకుల చాదస్తం అనేది ఆ రెండవ వాదం. మొదటి వాదంలో నిజాయితీ వుంది, తొందరపాటూ వుంది. రెండవ వాదం చేసేవారికి తొందరేమీ లేదు. ఉన్న వ్యవస్థ ఉన్నట్టుగా సాగితే వారికి నష్టం లేదు గనుక. అయితే యీ ఇరువురూ కలిసి చేసే పొరపాటు ఒకటుంది. మనిషి పక్కన ఒక భూతాన్ని నిలబెట్టినప్పుడు ఆ మనిషికీ భూతానికీ మధ్య ఎటువంటి సంబంధం ఏర్పడిందో ఇరువురూ పరిశీలించరు.

ముందుగా నమ్మకానికీ కల్పనకూ గల తేడా తేల్చుకోవాలి. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అనే పేర్లతోనూ, ఆంధ్ర ప్రాంతంలో చిల్లంగి అనే పేరుతోనూ ఎందరు అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారో మనకు తెలుసు. పళ్ళు ఊడగొట్టడం, చెట్టుకు కట్టి కొట్టడం, తగులబెట్టడం పాతకాలపు ముచ్చట్లు కావు; మన కాలపు వార్తలే. అటువంటి నిందలకు గురయ్యేది సాధారణంగా ఎవరు? ఒంటరి వితంతువు, దిక్కులేని ముసలివాడు, ఊరిలో అండలేని కులంవాడు. జ్వరానికి మందు దొరకని చోట, బిడ్డ ఎందుకు చనిపోయిందో చెప్పే వైద్యుడు లేని చోట, పక్కింటి మనిషి భూతమవుతాడు. దీనిపై పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టులో పూనాలో కాల్చి చంపారు. ఆ తర్వాతనే మహారాష్ట్రలో మంత్రతంత్రాల దురాచారాలకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. కర్ణాటక శాసనసభ 2017లో అటువంటి చట్టమే చేసింది.

కాబట్టి భూతాలు మనుషుల మధ్య నిజంగా వున్నాయని నమ్మించే రచన ఏదైనా సరే, దానిని మనం ఎదిరించవలసిందే. అందులో రాజీ లేదు. కాని కథ చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఒక ఒప్పందం వుంటుంది. ఇది లేదు, వుందనుకుందాం, వుంటే ఏమవుతుందో చూద్దాం అనేది ఆ ఒప్పందం. నమ్మకం ప్రశ్నను మూసివేస్తుంది. ఒప్పందం ప్రశ్నను తెరుస్తుంది. భూతవైద్యుడి దగ్గర యీ ఒప్పందం లేదు, అతడికి అది పనికిరాదు కూడా. ఇది తెలియకుండా కల్పననూ నమ్మకాన్నీ ఒకే గాటన కట్టేసే విమర్శకుడు భూతవైద్యుడికి లేని గౌరవం ఇచ్చినవాడవుతాడు.

మన సాహిత్య చరిత్రలోనే దీనికి మంచి సాక్ష్యం వుంది. 1947 జూలైలో మొదలైన "చందమామ" పత్రికను 1952 నుండి 1980లో మరణించేవరకు నడిపించిన కలం కొడవటిగంటి కుటుంబరావుగారిది. ఆయన భౌతికవాది, హేతువాది, విప్లవ రచయితల సంఘ స్థాపకుల్లో ఒకరు. అటువంటి మనిషి చేతిమీదుగా నెలనెలా రాక్షసులు, మాంత్రికులు, బేతాళుడు తెలుగు పిల్లల యిళ్ళకు వెళ్ళారు. "తోకచుక్క", "మకరదేవత" వంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారు కూడా మూఢభక్తుడేమీ కాదు. వీరు పొట్టకోసం సిద్ధాంతాన్ని పక్కనబెట్టారని కొందరంటారు. ఆ మాట అనడం తేలిక. కాని బేతాళ కథ కట్టుబాటును ఒకసారి పరిశీలించండి.

రాజు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడుస్తాడు. శవంలోని బేతాళుడు దారిశ్రమ తెలియకుండా కథ చెబుతాడు. కథ చివర ధర్మాధర్మాలకు సంబంధించిన ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై పని మళ్ళీ మొదటికి వస్తుంది. ప్రాచీన కథలు ఇరవై అయిదే. "చందమామ" ఆ చట్రాన్ని తీసుకుని దశాబ్దాల తరబడి కొత్త ప్రశ్నలు వేయించింది. ఇందులో మోసేవాడు రాజు, ప్రశ్నించేది భూతం. తెలిసిన న్యాయాన్ని చెప్పకుండా దాచుకునే పాలకుడి తల నిలవదని ఒక పీనుగ చేత చెప్పించడంలో పిల్లలను భయపెట్టేదేమున్నది? అధికారం జవాబు చెప్పవలసిందేనని వారికి నేర్పడమే అది. భూతం అక్కడ పాలితుల పక్షాన మాట్లాడింది.

దీనికి భిన్నమైన సంబంధం "పాతాళభైరవి"లో కనిపిస్తుంది. 1951 మార్చిలో విడుదలైన యీ చిత్రానికి కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. తోటమాలి కొడుకు రాముడు రాకుమార్తెను ప్రేమిస్తాడు. అల్లుడు కావాలంటే తనతో సమానమైన ఐశ్వర్యం తెమ్మంటాడు రాజు. మాంత్రికుడు రాముణ్ణి బలి యిచ్చి శక్తి సంపాదించాలనుకుంటాడు. రాముడు అతణ్ణే బలి చేసి కోరినదిచ్చే ప్రతిమను చేజిక్కించుకుంటాడు. క్షణంలో మేడ లేస్తుంది.

ఈ కథలో మొదటి సగం ఎంత నిజమో గమనించాలి. ప్రేమకు కూడా ఆస్తి అర్హత కావడం, పేదవాడి సాహసాన్ని ఒక తెలివైనవాడు తన పెట్టుబడిగా వాడుకోబోవడం, బలిపశువు కత్తిని తిప్పి పట్టుకోవడం, ఇవన్నీ లోకంలో వున్నవే. సామాన్య ప్రేక్షకుడు రాముణ్ణి తనవాడనుకున్నది అందుకే. రెండవ సగంలో మాత్రం ప్రశ్న మాయమైంది. మేడ ఎవరు కట్టారు? రాళ్ళెవరు మోశారు? ప్రతిమను ఎవరూ అడగరు, అడగవలసిన అవసరం కథకు లేదు. తోటమాలి కొడుకు రాజు అల్లుడయ్యాడే గాని తోటమాలి పని అలాగే వుండిపోయింది. ఆ ప్రతిమ మాంత్రికుడి చేతికి పోగానే రాముడి సంపద అంతా పోవడం కూడా గమనించదగ్గదే. సాధనం ఎవరి చేతిలో వుంటే సంపద వాడిదవుతుంది; ఆ మాట సినిమా చెప్పింది. ఆ సాధనం అందరిదీ ఎందుకు కాకూడదన్న మాట మాత్రం చెప్పలేదు. 1946 నుండి 1951 వరకు తెలంగాణ రైతులు వెట్టికి వ్యతిరేకంగా, భూమికోసం పోరాడారు. ఆ పోరాటం ముగిసిన యేడే విడుదలైన సినిమాను యీ ప్రశ్న అడగడం అన్యాయమనుకోను. శ్రమలేని లోకాన్ని కలగనడం శ్రమజీవి హక్కు. ఆ కలలో కూడా రాజకోట చెక్కుచెదరకుండా వుండడమే మనకు అభ్యంతరం.

మరి ఘటోత్కచుడి సంగతేమిటి? 1957 నాటి "మాయాబజార్"లో ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుణ్ణి ప్రేమించని తెలుగువాడు లేడు. పెళ్ళి విందంతా తినేసి, శశిరేఖ వేషం వేసి, కౌరవుల డాంబికాన్ని నవ్వులపాలు చేసే ఆ రాక్షసుడు మనింట్లో మనిషిలాగే వుంటాడు. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు, తర్వాతి కల్పన. ఆ కల్పన జనం చేసిన న్యాయమని నాకనిపిస్తుంది. ఎందుకంటే భారతంలో అతడికి జరిగింది వేరు.

హిడింబ కొడుకును కని అడవిలోనే వుండిపోయింది; భీముడు తన దారిన తాను పోయాడు. తలచుకుంటే వస్తానని కొడుకు మాట యిచ్చాడు. వనవాసంలో ద్రౌపది నడవలేకపోయినప్పుడు తలచుకున్నారు. ఆమెను భుజాల మీద మోశాడు. యుద్ధంలో తలచుకున్నారు, కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న శక్తిని తన గుండెమీద తీసుకుని చచ్చాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు. వ్యాసుడి ద్రోణపర్వంలో కృష్ణుడు యింకొక మాట కూడా అంటాడు: యజ్ఞాలకూ బ్రాహ్మణులకూ విరోధి గనుక, కర్ణుడు చంపకపోతే తానే చంపవలసి వచ్చేదని. అవసరానికి బంధువు, అవసరం తీరాక రాక్షసుడు! రాజ్యంలో భాగం అడగడానికి అతడికి హక్కు వుందా లేదా అన్న చర్చే రాలేదు. అడవిలో పుట్టిన మనిషికి మైదానంలోని రాజ్యాలు యిచ్చిన స్థానం యిదే. "మాయాబజార్" యుద్ధానికి ముందే ముగిసింది. ప్రేక్షకుడు నవ్వుతూ యింటికి వెళ్ళాడు. ఆ నవ్వు మంచిదే. అయితే తరగతిలో ఆ చిత్రం గురించి చెప్పే ఉపాధ్యాయుడు ద్రోణపర్వం కూడా చెప్పాలి. లేకపోతే మనం ఘటోత్కచుడి భోజనాన్ని గుర్తుపెట్టుకుని అతడి చావును మరిచినవాళ్ళమవుతాం.

మన కథలు అడగకుండా వదిలిన ప్రశ్నను సూటిగా అడిగిన రచయిత చెక్ దేశపు కారెల్ చాపెక్. ఆయన 1920లో ప్రచురించిన నాటకం నుండే "రోబో" అనే మాట లోకానికి వచ్చింది. ఆ మాట సూచించినవాడు ఆయన అన్న జోసెఫ్. దాని మూలమైన "రోబోట" అనే చెక్ మాటకు అర్థం వెట్టిచాకిరీ. వెట్టి ఎరిగిన మనకు యీ పేరు వివరించనక్కరలేదు. 1936లో చాపెక్ "నీటిబల్లులతో యుద్ధం" అనే నవల రాశాడు. సుమత్రా దగ్గర ఒక దీవి అఖాతంలో మాటా పనీ నేర్చుకోగల నీటిబల్లులను ఒక ఓడ కెప్టెన్ కనుగొంటాడు. సొరచేపల బారినుండి కాపాడుకోవడానికి వాటికి కత్తులిస్తాడు, అవి ముత్యాలు తెచ్చిస్తాయి. కెప్టెన్ చనిపోయాక వ్యాపారం కంపెనీ చేతికి పోతుంది. నీటిబల్లులను తరగతులుగా విభజించి, ధర కట్టి, సముద్రంలో గట్లు కట్టే కూలీలుగా దేశదేశాలకు అమ్ముతారు. పండితులు వాటిమీద పరిశోధన చేస్తారు, ప్రభుత్వాలు ఆయుధాలిస్తాయి. చివరికి అవి తీరాలు చాలడం లేదని ఖండాలనే తవ్వేయడం మొదలుపెట్టినా, వాటికి సరుకు అమ్మడం ఏ దేశమూ మానదు.

వింత జీవి మనుషుల మధ్యకు వస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు యింత నిర్దాక్షిణ్యమైన జవాబు మరొకటి నేనెరుగను. ఆ జీవిని చూసి మనుషులు భయపడలేదు, పూజించలేదు. జీతం లేని కూలీగా లెక్కగట్టారు. ఈ నవలలో మాయ ఒక్కటే, నీటిబల్లులు మాట్లాడడం. తక్కినదంతా మార్కెట్టు. అందుకే వాస్తవం అనిపించుకునే ఎన్నో నవలలకన్నా యిది ఎక్కువ వాస్తవం.

దీనికీ పరిమితులున్నాయి. చాపెక్ కమ్యూనిస్టు కాడు. కాకపోవడానికి కారణాలు చెబుతూ 1924లో వ్యాసమే రాశాడు. ఆయన నీటిబల్లులకు పేర్లు, ముఖాలు దాదాపు లేవు. దోపిడీకి గురైన శ్రామికుల గుంపే ఆక్రమణ సైన్యంగా మారిపోతుంది. తిరుగుబాటుకూ దురాక్రమణకూ మధ్య గీత ఆయన గీయలేకపోయాడు, లేదా గీయదలచుకోలేదు. శ్రమజీవి మేలుకుంటే లోకం మునుగుతుందని చదువరి అనుకునే ప్రమాదం అక్కడ వుంది. ఉదారవాది భయం అది. కాని పుస్తకం చివర ఆయనే ఒక తాళం చెవి యిచ్చాడు. నీటిబల్లుల నాయకుడు నీటిబల్లి కాదు, మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఒక మనిషి. ఆ తాళం దేనికి సరిపోతుందో ఆనాటి ఐరోపాకు తెలుసు. 1938 సెప్టెంబరులో మ్యూనిక్ ఒప్పందం జరిగింది, డిసెంబరులో చాపెక్ మరణించాడు, 1939 మార్చిలో హిట్లర్ సేనలు ప్రాగ్‌లో ప్రవేశించాయి. జోసెఫ్ 1945లో నాజీల నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఈ నవలను పలాయనవాదమనగలిగేవాడు పలాయనం అంటే ఏమిటో తెలియనివాడే.

ఇంతవరకు చెప్పినదానినుండి విమర్శకుడికి పనికివచ్చే కొలమానం ఒకటి తీయవచ్చు. కథలో భూతం వుందా లేదా అన్నది కొలత కాదు. ఎవరు ఎవరిని మోస్తున్నారు? పని ఎవరిది, ఫలితం ఎవరిది? భయం ఎవరివైపునుండి ఎవరివైపుకు ప్రవహిస్తున్నది? బేతాళుణ్ణి రాజు మోస్తాడు, అందుచేత అది ప్రశ్నించే కథ అయింది. ఘటోత్కచుడు రాచకుటుంబాన్ని మోస్తాడు, ఆ మోత గురించి భారతం మౌనంగా వుంది. జనం కల్పన ఆ మౌనాన్ని నవ్వుతో సగం పూరించింది. పాతాళభైరవి ప్రతిమకు జీతం లేదు, ఆ లోటు ఎవరికీ తోచలేదు. నీటిబల్లులకూ జీతం లేదు, ఆ లోటే నవల వస్తువు అయింది.

ఈ కొలమానం యీనాటి తెర మీద భూతాలకు కూడా పట్టి చూడండి. టీవీలో పగబట్టే నాగులు, సినిమాలలో ఆడదెయ్యాలు కోకొల్లలు. అన్యాయంగా చచ్చిన ఆడది దెయ్యమై ప్రతీకారం తీర్చుకునే కథ మొదటి గంటసేపు ఆమె పక్షాన వుంటుంది. చివర మంత్రం చదివే మగవాడు వచ్చి ఆమెను బంధిస్తాడు, చంపినవాడి కుటుంబం సుఖంగా నిద్రపోతుంది. ఎంత భయపెట్టినా యిది పాలకుల కథే. అదే కథలో మంత్రం పనిచేయకుండా పోతే, ఆమె ప్రశ్నకు ఊరు జవాబు చెప్పవలసి వస్తే, అది బేతాళుడి వంశంలోని కథ అవుతుంది. అటువంటిది రాసే యువ రచయితను దెయ్యం పేరెత్తాడని మనం తరిమేస్తే నష్టం మనకే. ఆ ఖాళీలోకి వచ్చేది హేతువాదం అనుకోవద్దు, భూతవైద్యుడు వస్తాడు.

బాణామతి నిందపడ్డ ముసలమ్మను ఊరు ఎందుకు భూతమన్నదో చెప్పగల కథ యింకా మనకు కావాలి. ఆమె నోటితోనే చెప్పించినా సరే, ఆమె పెరట్లో చింతచెట్టు మీద నిజంగా వుండే ఒక భూతం చేత సాక్ష్యం చెప్పించినా సరే. చెట్టుమీది భూతం ఆమెను చూసి జాలిపడి, కింద కర్రలు పట్టుకుని నిలబడ్డవారిని చూసి జడుసుకుంటే, ఆ కథ చదివిన పిల్లవాడు దయ్యాలకు భయపడడు. దేనికి భయపడాలో, దేనిని ఎదిరించాలో తెలుసుకుంటాడు.