అమెరికా సంబంధం

మనవాళ్ల మీద అమెరికా ప్రభావం అనగానే హాలీవుడ్ బొమ్మలూ, కోకా కోలా, జీన్సు పాంట్లూ తలుచుకుని నిట్టూర్చడం ఒక ఆచారం. ఆ నిట్టూర్పు మీద నాకంత నమ్మకం లేదు. ఇక్కడ మౌంట్ రాస్కిల్‌లో కాపురముంటున్న మనబోటి కుటుంబాల్లోకి అమెరికా ఇంగ్లీషు సినిమాల్లోంచి వచ్చినదానికన్నా తెలుగు సినిమాల్లోంచి వచ్చిందే ఎక్కువ. డల్లాస్‌లో ఉన్న బావగారు పంపే ఇంటి ఫొటోల ద్వారా, పెళ్లి సంబంధాల మాటల ద్వారా వచ్చింది ఇంకా ఎక్కువ. ఊరినుంచి ఫోను చేసిన పిన్నిగారు "జీతం డాలర్లలోనేగా?" అని అడుగుతుంది. అవునంటే గొంతులో వెలుగు. అది న్యూజీలాండు డాలరని విడమర్చి చెప్పేసరికి ఆ గొంతు ఒక మెట్టు దిగుతుంది. తెలుగువాడికి విదేశం అంటే అమెరికా. తక్కినవన్నీ, మనతో సహా, దారిలో మజిలీలు.

ఈ భావం ఎలా తయారైందో తెలుసుకోవాలంటే నాలుగు తెలుగు సినిమాలను వరసగా పెట్టుకుని చూడాలి.

మొదటిది 1976లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘అమెరికా అమ్మాయి’. అమెరికా పిల్ల తెలుగింటి కోడలై, మన కట్టూబొట్టూ, మన నృత్యమూ నేర్చుకుని మనకే పాఠం చెబుతుంది. ఆ పాత్ర వేసిన దేవయాని నిజానికి ఫ్రెంచి నర్తకి. తెల్లగా ఉంటే చాలు, అమెరికాయే అనుకునే రోజులు కాబోలు! ఈ కథలో ఒక అమాయకపు గర్వం ఉంది. ఎవరొచ్చినా మన సంస్కృతి జీర్ణం చేసుకుంటుందన్న ధీమా. దాన్ని చూసి నవ్వుకోవచ్చుగానీ, గర్వమంటూ ఒకటి ఉంది గదా.

పదకొండేళ్ల తర్వాత, 1987లో, జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ వచ్చింది. ఇప్పుడు అమెరికా మన ఇంటికి రావడం లేదు, మనమే దాని ఇంట్లో ఉన్నాం. బొమ్మ చాలావరకు అక్కడే తీశారు. అక్కడ బతుకుతూనే అక్కడి పద్ధతులంటే మండిపడే తండ్రి, ఒక అమెరికన్ కుర్రాణ్ణి ప్రేమించే కూతురు. జంధ్యాల ఆ తండ్రిని చూసి మనల్ని కడుపుబ్బ నవ్విస్తాడు, కాని ఆయన నోరు మాత్రం నొక్కడు. తండ్రి చాదస్తంగానే వాదిస్తాడు, అయినా వాదిస్తాడు. నా దృష్టిలో ఈ నాలుగింటిలోనూ నిజాయితీ ఎక్కువున్న సినిమా ఇదే. ఆ కుర్రాడి వేషం వేసిన థామస్ జేన్ తరవాత హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్నాడు. అతని మొదటి సినిమా తెలుగుది కావడం, ప్రభావమనేది ఒక్క దిక్కుకే పారదని వాదించేవారికి పనికొచ్చే ముక్క. నేను దాన్ని అంతదూరం లాగను.

2000లో శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’. చిన్న సినిమా, తెలుగూ ఇంగ్లీషూ కలిసినది, దర్శకుడికి తొలి చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది. హైదరాబాదు కుర్రాళ్లు పోవాలా వద్దా అని తర్జనభర్జన పడతారు. అప్పటికి కంప్యూటరు చదువుల కాలేజీలు వీధికొకటి వెలిశాయి. ఆ తర్జనభర్జనకు జవాబు అంకెల్లో దొరికింది. 2010 నుంచి 2017 దాకా అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగింది.

అదే దర్శకుడు 2017లో ‘ఫిదా’ తీశాడు. బాన్సువాడ పిల్ల భానుమతి అంటే ఎవరికిష్టం ఉండదు? ఆ భాష, ఆ పొగరు, ఆ ఇల్లు ఎంతో ప్రేమతో తీసినవి. అయితే పెళ్లికొడుకు అమెరికావాడన్న సంగతిని ఎవరూ ఎందుకని అడగరు. నాన్నను, ఊరిని విడిచి ఎలా పోనని ఆ పిల్ల అంటుంది, అంతేగాని అమెరికా ఎందుకు అనదు. అది పెళ్లికొడుకు చిరునామా. చిరునామాతో ఎవరు పోట్లాడతారు?

1976లో గర్వం, 1987లో పోట్లాట, 2000లో సందేహం, 2017లో చిరునామా. ఒక దేశపు సంస్కృతి మన మీద గెలిచిందనడానికి దాని బట్టలు మనం కట్టుకోవడం గుర్తు కాదు. బట్టలు ఎవరివైనా కట్టుకోవచ్చు. దానితో వాదన ఆగిపోవడమే గుర్తు.

మరి ఈ సినిమాల్లో మన న్యూజీలాండు ఎక్కడుంది? కొండల్లో ఉంది. 2000లో వచ్చిన హిందీ సినిమా ‘కహో నా ప్యార్ హై’ దగ్గరనుంచి మన సినిమావాళ్లకు ఇది పాటల దేశం. 2025లో ‘కన్నప్ప’ వచ్చింది. పదహారో శతాబ్దంలో ధూర్జటి పాడిన శ్రీకాళహస్తి తిన్నడు ఇక్కడి లోయల్లో వేటాడాడు. నాకు అభ్యంతరం లేదు, శివుడు అన్ని అడవుల్లోనూ ఉంటాడు. కాని ఇక్కడి కొండలు పురాణకాలపు కొండలని లోకమంతటికీ నేర్పింది ఎవరు? 2001 నుంచి 2003 దాకా మూడు భాగాలుగా వచ్చిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’. కథ ఇంగ్లీషువాడిది, దర్శకుడు ఇక్కడివాడే అయిన పీటర్ జాక్సన్, డబ్బు హాలీవుడ్‌ది. తిన్నడి అడవి కూడా మనకు ఆ దారినే కనిపించిందని నా అనుమానం.

ఈ దేశం సంగతీ మనకన్నా మెరుగేం కాదు. 2010లో ‘హాబిట్’ సినిమాల విషయంలో నటుల సంఘంతో తగాదా వస్తే, షూటింగు వేరే దేశానికి తరలిపోతుందన్న భయం పుట్టింది. వార్నర్ బ్రదర్స్ పెద్దలు వెల్లింగ్టన్ వచ్చి మాట్లాడి వెళ్లారు. రోజుల వ్యవధిలో పార్లమెంటు కార్మిక చట్టాన్ని సవరించింది, పైగా రాయితీ కూడా పెంచారు. జనం దాన్ని హాబిట్ చట్టమనే పిలిచారు. దాన్ని సరిదిద్దడానికి 2022 దాకా పట్టింది. ఇక 1989లో మొదలైన మూడో టీవీ చానెలు వార్తల గది, ‘న్యూస్‌హబ్’, 2024 జూలై 5న మూతపడింది. మూసినది వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ. ఆక్లండు వార్తలు ఎవరు చెప్పాలన్నది అమెరికా కంపెనీ లెక్కల పుస్తకంలో తేలింది. ఇంగ్లీషు మాట్లాడే దేశం, అన్నీ ఉన్న దేశం, అదే ఇలా ఉంటే!

అయితే ఇక్కడే ఇంకో జాతి ఉంది. మన పక్కనున్న కొండను మనం మౌంట్ రాస్కిల్ అంటాం. దాని మావోరీ పేరు పుకెతాపాపా, అంటే నెత్తిన చదునుగా ఉండే గుట్ట. 2014 చట్టంతో ఆక్లండులోని ఇలాంటి పద్నాలుగు కొండలు మావోరీ తెగల పేర తిరిగి రాసిచ్చారు. వాళ్ల భాష ఒకనాడు బడిలో మాట్లాడితే దెబ్బలు తిన్న భాష. 1982లో పసిపిల్లలకు మావోరీలోనే ఆటాపాటా నేర్పే కొహంగ రెయొలు పెట్టుకున్నారు, 1987లో దాన్ని అధికార భాషగా చేయించుకున్నారు. 2016లో డిస్నీవారు పసిఫిక్ దీవుల కథతో ‘మోఆనా’ తీస్తే, మరుసటేడు మావోరీలే పూనుకుని దాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నారు. బొమ్మ అమెరికాదే, లాభమూ అమెరికాదే. కాని పిల్లవాడి చెవిలో పడ్డది అమ్మమ్మ మాట.

తెలుగులోనూ డిస్నీ వచ్చింది సుమా. 2019లో ‘లయన్ కింగ్’ సింహానికి నాని, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు ఆలీ గొంతులిచ్చారు. హాయిగా నవ్వుకున్నాం. తేడా ఏమిటంటే, 2011 జనగణన ప్రకారం ఎనిమిది కోట్ల పైచిలుకు జనం మాట్లాడే భాష గనుక డిస్నీయే బజారు వెతుక్కుంటూ మన దగ్గరికొచ్చింది. మావోరీలు లాక్కొచ్చుకున్నారు. పైగా మన పిల్లలు అసలు బొమ్మను ఇంగ్లీషులో చూసేశారు. తెలుగుది బ్రహ్మానందం కోసం మనం చూసుకున్నాం.

ఇక 2023 మార్చి గురించి చెప్పకుండా తప్పుకోలేను. ‘నాటు నాటు’కు ఆస్కారు వచ్చిన రోజు నేనూ పొంగిపోయాను. చంద్రబోసు మాట, కీరవాణి బాణీ, దానికి ఎవరి ముద్రా అక్కర్లేదు. కాని ఆ ముద్ర పడ్డాకే ఆ పాట గొప్పదని అన్నవాళ్లు మనలోనే ఎంతమంది! నాటు అంటేనే మన నేలదని గదా అర్థం, దాని నాటుదనానికి లాస్ ఏంజిల్స్‌లో ధ్రువపత్రం పుచ్చుకున్నాం. ఆ వేదిక మీద ముందు నిలబడి ఆడినవాళ్లలో మన ఉపఖండపువాళ్లు లేరని అమెరికాలోని మనవాళ్లే అడిగారు. వారికి నా నమస్కారం, వాదన పూర్తిగా చావలేదన్నమాట.

ఆ రాత్రి నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకొకటి. తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని కీరవాణి వేదిక మీద చెప్పారు. అది 1970లలో పేరు మోగిన అమెరికన్ అన్నాచెల్లెళ్ల జట్టు. మన తెలుగు వార్తలవాళ్లు కొందరు దాన్ని వడ్రంగులని అనువదించారు! అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తరవాత ఆలోచిస్తే ఆ పొరపాటులో అసలు సంగతి బయటపడిందనిపించింది. ఎవరి మెప్పు కోసం అంత తహతహలాడామో వాళ్ల పాటలు కూడా మనకు సరిగా తెలియవు. కీరవాణికి తెలుసు. ఆయన అమెరికాను చెవులారా విన్నారు, విని తన పని తాను చేసుకున్నారు. మనం విన్నది అమెరికాను కాదు, అమెరికా మనల్ని ఏమంటుందోనన్నది మాత్రమే.

ఇక మన సంగతి. ఉగాది మనకిక్కడ ఆకు రాలే కాలంలో వస్తుంది. వేపపూత లేదు, కోకిల లేదు, అయినా వేదిక మీద వసంతాన్ని పిలుస్తాం. దాన్ని తప్పుపట్టను, పండుగ పండుగే. కాని తక్కిన కార్యక్రమమంతా అమెరికా తెలుగు సభల వీడియోలు చూసి కుట్టించుకున్న చొక్కాలాగే ఉంటోంది. అదే వరస, అవే సినిమా పాటలు, పిల్లల నోట అదే యాస. బళ్లో జెడ్ అని నేర్చుకున్న పిల్లవాడు యూట్యూబు చూసి ఇంట్లో జీ అంటున్నాడు, ఇక్కడివాళ్లు లాలీ అనేదాన్ని క్యాండీ అంటున్నాడు. వాడు అటు మన ఊరి తెలుగువాడూ కాడు, ఇటు రాస్కిల్ కుర్రాడూ కాడు, ఎన్నడూ చూడని డల్లాస్‌కు అద్దెకున్నవాడు.

వాడి మీద ఇంతవరకు తెలుగులో ఒక్క కథా నా కంటపడలేదు. డొమినియన్ రోడ్డులో బస్సెక్కే తెలుగు ముసలమ్మ మీద గాని, స్టాడర్డ్ రోడ్డులో పచ్చిమిరపకాయలు బేరమాడే మన నర్సు మీద గాని నాటిక లేదు. సినిమావాళ్లు రాయరు, వాళ్లకు మన కొండలు చాలు. వచ్చే ఉగాదికి పాటల మధ్య ఇరవై నిమిషాలు ఖాళీ పెట్టమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. నాటిక రాసేవారు ముందుకొస్తే ముసలమ్మ వేషానికి మా ఇంట్లో ఒకరు ఇప్పటికే సిద్ధంగా ఉన్నారు.