ఒక మట్టు, రెండు పాటలు

మధ్యయుగపు ఐరోపా సంగీతమును దేవాలయగానమనియు లౌకికగానమనియు రెండుగాఁ జీల్చి చెప్పుట చరిత్రకారులకుఁ బరిపాటి. ఈ విభాగము మట్టునకుఁ జెల్లునా, మాటలకు మాత్రమే చెల్లునా యని విచారింప ఇంగ్లండునందలి యొక వ్రాఁతప్రతి మిక్కిలి యుపకరించును. లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున 978వ హార్లీ ప్రతి యని పేరుగల యా పుస్తకము రెడింగు మఠమునకు సంబంధించినదని పండితుల తలంపు. అందు వైద్యవిషయములును, మారీ ద ఫ్రాన్స్ యను కవయిత్రి కథాకావ్యములును, 1264 నాఁటి లూయిస్ యుద్ధమును గూర్చిన లాటిను పద్యమును ఒక్కచోటనే కలవు. మఠమువారి పుస్తకమున స్తోత్రములే యుండునని తలఁచువారు దీనిని చూడవలయును.

అందలి వేసవిపాట ప్రసిద్ధము. స్వరముల క్రింద నల్లసిరాతో ఆంగ్లపు మాటలు; వాని క్రింద ఎఱ్ఱసిరాతో లాటిను మాటలు. నలుగురు ఒకే మట్టును ఒకరి వెనుక నొకరు ఎత్తుకొనఁగా, మఱి యిద్దఱు ‘పాదము’ అను చిన్న పలుకును క్రింద మరలమరలఁ బాడవలయు నని ప్రక్కనే విధి వ్రాయఁబడినది. దీనిని 1944లో బుకాఫ్జరు 1310 ప్రాంతమునకు దింపెను. 1948లో స్కోఫీల్డు పదుమూఁడవ శతాబ్దికే మరలించెను. స్కోఫీల్డు పక్షమే నిలిచినది.

లాటినుపాటను పిమ్మట నతికించిన మాటలని పలువురు త్రోసివేయుదురు. ఆంగ్లగీతమే ముందుది కావచ్చును. ఒకపాట మట్టున మఱియొకటి కట్టుట మనకును వింత గాదు. కాని లాటినుకవిని అతుకులవాఁ డనుట అన్యాయము. ఆంగ్లగీతమున విత్తనము మొలచును, పచ్చిక పూచును, గొఱ్ఱె పిల్లకై యఱచును, ఆవు దూడకై యంబా యనును. లాటినుకవి యీ పొలమును విడువలేదు. దేవుని స్వర్గమందలి కృషీవలునిగాఁ జేసి, ద్రాక్షతీఁగ దోషమునకై తన కుమారునే మృత్యువునకు విడిచెననెను. అచ్చట తల్లి పిల్లను బాయలేక పిలుచుచున్నది. ఇచ్చట తండ్రి కొడుకును దాఁచుకొనక యిచ్చివేయుచున్నాఁడు. ఇది కాకతాళీయమని నేను నమ్మఁజాలను.

ఐనను పాడుటలో నొక చిక్కు గలదు. నలుగురు వేర్వేఱు చరణములను ఒక్కసారి పలుకునపుడు ఆంగ్లమునకు హాని లేదు. విడివిడి దృశ్యములు గనుక ఏది చెవిని బడినను చాలును. లాటినుగీత మొకే కథ. తెగినచో నర్థము చెడును. అంతేకాక, క్రింది యిద్దఱకు ఈ ప్రతిలో లాటినుమాటలే లేవు. పైన కుమారుని మరణము పాడుచుండఁగా వారు కోకిలను గూయుమనుచునే యుండవలయును.