ఎటపాక దాటితే మళ్లీ మనదే

భద్రాచలంలో పర్ణశాల బస్సెక్కితే పది నిమిషాల్లో రాష్ట్రం మారిపోతుంది. ఎటపాక ఆంధ్ర. ఇంకాస్త పోతే మళ్లీ తెలంగాణ. 2014లో చుట్టూ ఉన్న మండలాలు అటు పోయి, పట్టణం ఇటు ఉండిపోయింది. రాములవారి గుడి ఇక్కడ, ఆయన భూములు పురుషోత్తపట్నంలో, అంటే అక్కడ.

సబ్‌డైరెక్టరీలున్న ప్రోగ్రాముకి మేక్‌ఫైల్ రాయడానికి కూర్చుంటే నాకు ఈ రోడ్డే గుర్తొస్తుంది.

మేక్‌ని 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువార్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. అది చేసేది చిన్న పని: సోర్సు ఫైలు టైమునీ, దాన్నుంచి పుట్టిన ఆబ్జెక్టు ఫైలు టైమునీ పోల్చి, సోర్సు కొత్తదైతేనే మళ్లీ కంపైల్ చేయించడం. ఒక్క ఫోల్డరున్నంతకాలం హాయి. ఫోల్డర్లు పెరిగాక ఒక్కోదానికి ఒక్కో మేక్‌ఫైల్ పెట్టి, పైనుంచి వరసగా పిలవడం ఎవరికైనా తోచే దారి. నేనూ కొన్నేళ్లు అదే చేశాను. కానీ ఎవరి మేక్‌ఫైలుకి వాళ్ల హద్దే తెలుసు. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ నీళ్లు ఏ రాష్ట్రమని చూడవు. హెడరు ఫైల్లో మార్పూ అంతే. పక్క ఫోల్డరుకి ఆ కబురు అందకపోతే పాత ఆబ్జెక్టే లింకై, ప్రోగ్రాం పిచ్చి లెక్కలు చూపిస్తుంది. విసుగొచ్చి అంతా తుడిచేసి మొదటినుంచి కట్టుకుంటాం. ఆస్ట్రేలియా ప్రోగ్రామరు పీటర్ మిల్లర్ 1998లోనే దీనిమీద వ్యాసం రాశాడు. మొత్తానికి ఒకే మేక్ నడవాలి, ఏ ఫోల్డరుకా ఫోల్డరు తన ఫైళ్ల పేర్లు చెబితే చాలన్నాడు.

అలా మార్చిన రోజే ఇంకో దెబ్బ. ఆబ్జెక్టులు వేరే ఫోల్డర్లో పడాలంటే అది ముందే ఉండాలి, కంపైలరు దాన్ని సృష్టించదు. సరేనని ప్రతి ఆబ్జెక్టూ ఆ ఫోల్డరుమీద ఆధారపడుతుందని రాశాను. లోపల కొత్త ఫైలు పడితే ఫోల్డరు టైమూ మారుతుందని తట్టలేదు. ఒకింట కోడలొచ్చిందని ఊరందరికీ మళ్లీ పెళ్లిళ్లు చేసినట్టు, పాతవన్నీ మళ్లీ కంపైల్! మందు ఆ ఆధారాల వరసలో ఫోల్డరు పేరుకి ముందు ఒక నిలువు గీత. గీత తర్వాత రాసినవి ఉన్నాయా లేవా అనే చూస్తుంది గ్నూ మేక్, ఎప్పటివని అడగదు.

ఇప్పుడు అన్ని ఫోల్డర్లకీ ఒకటే మేక్. నిన్న మాత్రం మేక్‌ఫైల్లో కమాండు ముందు ఉండాల్సిన ట్యాబు బదులు ఖాళీలు కొట్టి, తప్పెక్కడో అరగంట వెతుక్కున్నాను. ఫెల్డ్‌మన్ ఆ ట్యాబును మార్చేవాడేనట, అప్పటికే పదీ పన్నెండు మంది వాడుతున్నారని మొహమాటపడి వదిలేశాడు.